బరువు ఎటు?

రోడ్డుకి అవతలి పక్క లారీలను తూచే కాటా ఉంది. ఆ ఉదయం కాటా గుమాస్తా ఒక ఖాళీ లారీకి చీటీ కొడుతున్నాడు. ఉన్నట్టుండి తెర మీద అంకెలు నలభై కిలోలు పైకి ఎగిరి, మళ్ళీ కిందికి దిగాయి. కాళ్ళ కింద నేల అదిరింది. గుమాస్తా చీటీ చేత్తో పట్టుకునే వర్క్‌షాపు వైపు పరుగెత్తాడు.

చీటీ మీద టైము 10:52.

చిన్న మేస్త్రి చనిపోయిన టైము అదే.

ఇన్‌స్పెక్టర్ 11:35కి షెడ్డులోకి అడుగు పెట్టింది. వెనకే హెడ్ కానిస్టేబుల్, చంకలో పంచనామా కాగితాల అట్ట.

పొడవాటి రేకుల షెడ్డు. ఎడమ పక్క లేత్ మిషన్. కుడి పక్క ఫిట్టర్ బల్ల. రెండింటికీ మధ్య నడుమెత్తు ఇనప బల్ల ఒకటి. ఆ చివర, జాకీలకు బరువు పెట్టి పరీక్ష చేసే చోట, పన్నెండు టన్నుల ఇనప దిమ్మ. క్రేన్ దాన్ని అప్పటికే పక్కకి తీసి పెట్టింది. నేల మీద టార్పాలిన్ పరిచి ఉంది. దాని కింద నుంచి రెండు బూట్లు కనిపిస్తున్నాయి. ఎడమ బూటు లేసు ఊడి ఉంది.

ఇన్‌స్పెక్టర్ టార్పాలిన్ ఎత్తి చూసింది. వెంటనే దించేసింది. ఆ తరవాత వంగి ఆ లేసు కట్టింది. ఎందుకు కట్టిందో ఆమెకే తెలియదు.

"జాకీ ఫెయిలైంది మేడమ్" అన్నాడు హెడ్డు. "కొత్త జాకీ. మొదటిసారి బరువెక్కించారు. ఈయన కింద దూరి పీట సరిగ్గా కూర్చుందా లేదా అని చూస్తున్నాడు. యాక్సిడెంట్. పంచనామా రాసేస్తే భోజనం వేళకి స్టేషన్‌లో ఉంటాం."

"నీకెప్పుడూ భోజనం గోలే."

"ఆకలి నా తప్పు కాదు మేడమ్. ఉద్యోగం తప్పు."

ఆమె వినడం లేదు. జాకీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మోచేతి లావు మర, అంటే జాకీని పైకెత్తే స్క్రూ. దాని చుట్టూ ఉండాల్సిన, ఇత్తడిలా కనిపించే గన్‌మెటల్ నట్, వేరుశనగ కాయ ఒలిచినట్టు నిలువునా రెండు చెక్కలై పడి ఉంది. ఒక చెక్కని చేతిలోకి తీసుకుని గ్రీజు తుడిచింది. లోపలి పళ్ళ మీద బొటనవేలి గోరు పెట్టి లాగింది.

ఆమె తండ్రి టర్నర్. ముప్ఫై ఏళ్ళు లేత్ ముందు నిలబడ్డాడు. ఏ మర చేతికొచ్చినా ముందు గోరుతో చూసేవాడు. కళ్ళు అబద్ధం చెప్తాయి కానీ గోరు చెప్పదమ్మా, అనేవాడు. కూతురు పోలీసు అయినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

"ఇటు చూడు" అంది. "బరువు ఎక్కువై నట్ పోతే ఏమవుతుంది? లోపలి పళ్ళు తెగుతాయి. తురుములా రాలతాయి. ఇక్కడ ఒక్క పన్నూ తెగలేదు. నట్టే నిలువునా చీలింది."

"అంటే?"

"బరువు కిందికి పోలేదు. పక్కకి తన్నింది."

హెడ్డు బుర్ర గోక్కున్నాడు. ఆమె మరని నిలబెట్టి పట్టుకుంది.

"మామూలు జాకీకి చదరపు థ్రెడ్ ఉంటుంది. పన్నుకి కిందా పైనా రెండు వైపులూ నిటారే. బరువు ఎటు నుంచి వచ్చినా మోస్తుంది. ఇది అది కాదు. ఇది రంపం థ్రెడ్. పన్నుకి ఒక వైపు గోడలా నిటారుగా ఉంటుంది, రెండో వైపు ఇంటికప్పులా వాలుగా ఉంటుంది. చాలా పెద్ద బరువులకి వాడతారు. కానీ ఒకటే షరతు. బరువు గోడ వైపే కూర్చోవాలి. వాలు మీద కూర్చుంటే జారుతుంది, నట్‌ని బయటికి తోస్తుంది, చీలుస్తుంది."

"మరి ఇందులో?"

"జాకీలో బరువు మర నెత్తి మీద కూర్చుంటుంది. కిందికి నొక్కుతుంది. కాబట్టి పన్నుకి కింది వైపు గోడ ఉండాలి. ఏముందో చూడు."

హెడ్డు వంగి చూశాడు. కింది వైపు వాలు ఉంది. గోడ పైకి ఉంది.

"తలకిందులుగా చేశారు" అన్నాడు. భోజనం మాట మళ్ళీ ఎత్తలేదు.

* * *

వర్క్‌షాపు ఇద్దరు అన్నదమ్ములది. పెద్ద మేస్త్రి టర్నర్. మరలు, నట్‌లు ఆయన చేస్తాడు. చిన్న మేస్త్రి ఫిట్టర్. వాటిని బిగించి జాకీలు, ప్రెస్సులు తయారు చేస్తాడు. చేస్తాడు కాదు, చేసేవాడు. మూడో మనిషి వెల్డర్, చిన్న మేస్త్రికి బావమరిది.

వెల్డర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడగకముందే మొదలుపెట్టాడు.

"యాక్సిడెంట్ కాదు మేడమ్. ఆయనే చేశాడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు."

"ఎన్నాళ్ళుగా?"

"ఆరేళ్ళు. ఒకే కప్పు కింద ఎడమొహం పెడమొహం. ఒక్క మాట లేదు."

"మాట లేకుండా పని ఎలా జరుగుతుంది?"

"మా బావ సుద్దముక్కతో రాసి పెట్టేవాడు. ఆయన చూసి చేసేవాడు. అంతే."

"10:52కి నువ్వెక్కడ?"

"గేటు దగ్గర. గ్రిల్లుకి టాకాలు వేస్తున్నా. కాటా గుమాస్తా నా ముందు నుంచే పరుగెత్తాడు."

"పెద్ద మేస్త్రి?"

"లేత్ దగ్గర. పరుగెత్తుకొచ్చాడు. చూశాడు. కన్నీటి చుక్క లేదు మేడమ్. నోరు విప్పలేదు. ఆ పగిలిన నట్ చేత్తో తీసి చూశాడు. అక్కడ పెట్టేసి వెళ్ళి లేత్ దగ్గర నిలబడ్డాడు. తోడబుట్టినవాడు చస్తే ఎవరైనా నట్ చూస్తారా?"

"నిన్న సాయంత్రం నువ్వూ మీ బావా అరుచుకున్నారట. గుమాస్తా చెప్పాడు."

వెల్డర్ ముఖం మాడిపోయింది.

"దుంగల కోసం మేడమ్. ఏ కొత్త జాకీకి బరువెక్కించినా దిమ్మ కింద నాలుగు మూలలా చెక్క దుంగలు పెట్టాలి. జాకీ పోయినా దిమ్మ దుంగల మీద ఆగుతుంది. రేపు పెట్టు బావా అన్నాను. వద్దన్నాడు. అరిచాను."

"ఎందుకు వద్దన్నాడు?"

"అన్నయ్య చేతి మరకి దుంగలెందుకురా, అన్నాడు."

నాలుగు దుంగలూ గోడ వారన వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద దుమ్ము కూడా చెదరలేదు.

* * *

చిన్న మేస్త్రి భార్య ఇంటి వరండాలో కూర్చుని ఉంది. ఇల్లు షెడ్డుని ఆనుకునే ఉంది. మేడ మీద గదిలో పెద్ద మేస్త్రి ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు.

"ఎందుకు మాటలు పోయాయి?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"లేత్ వల్లనండి." ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. "మా మామగారి లేత్ ఒకటి ఉండేది. దాని మీదే బావగారు పని నేర్చుకున్నారు. బావగారు జబ్బు చేసి ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా ఆయన దాన్ని పాత ఇనుముకి ఇచ్చేసి కొత్తది తెచ్చారు. పాతదాని చక్రం తిప్పీ తిప్పీ అన్నయ్య భుజం పోతోందని. సంతోషిస్తారనుకున్నారు. బావగారు ఇంటికొచ్చి చూసి, నాన్నని అమ్మేశావురా, ఇక నీతో నాకు మాటల్లేవు అన్నారు. అదే ఆఖరి మాట."

"మీతో మాట్లాడతారా?"

"మాట్లాడతారు. రెండు పూటలా నేనే అన్నం పెడతాను. మరదలే అయినా అమ్మలా చూస్తుందని నా గురించి అందరికీ చెప్పుకుంటారు."

ఆమె ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి సూటిగా చూసింది.

"మా తమ్ముడు బావగారే చంపారంటున్నాడు. నాకు కోర్టులూ కేసులూ తెలియవు మేడమ్. ఒక్కటి చెప్పండి చాలు. రేపు ఆయనకి నేను అన్నం పెట్టాలా, వద్దా?"

ఇన్‌స్పెక్టర్ లేచింది. "రేపు చెప్తానమ్మా" అంది.

* * *

పెద్ద మేస్త్రి లేత్ దగ్గరే ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చేతులు రెండూ మిషన్ మీద ఆనించి నిలబడ్డాడు. మిషన్ ఆగిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టర్ లేత్ చుట్టూ ఒకసారి నడిచింది. అడుగున రజను పళ్ళెం. అందులో నీలం రంగు తిరిగిన ఉక్కు చుట్టలు, వాటి సందుల్లో అక్కడక్కడా పసుపు పచ్చని గన్‌మెటల్ రజను. చూసింది. అప్పటికి ఏమీ అనుకోలేదు. మధ్యనున్న ఇనప బల్ల కూడా చూసింది. దాని మీద అంతటా దుమ్ము, నూనె జిడ్డు. ఒక్క చోట మాత్రం పలక అంత మేర శుభ్రంగా ఉంది.

"మేస్త్రి గారూ, ఈ మర ఎవరు చేశారు?"

"నేనే."

"నట్?"

"అదీ నేనే."

"ఎప్పుడు అయింది?"

"మర ముందు చేశాను. నట్ నిన్న మధ్యాహ్నం మూడింటికి అయింది. మరకి ఎక్కించి, గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి బల్ల మీద పెట్టాను. వాడు తీసుకెళ్ళాడు."

"థ్రెడ్ తలకిందులుగా ఉంది. తెలుసా?"

"తెలుసు."

"ఎలా జరిగింది?"

ఆయన చేతులు మిషన్ మీద నుంచి తీశాడు.

"జరగలేదమ్మా. నేనే చేశాను. కావాలని చేశాను. వాడిని నేనే చంపాను. రాసుకోండి."

హెడ్డు కలం తీశాడు. బయట వెల్డర్ బూతు మాట ఒకటి గట్టిగా అన్నాడు. వరండాలో కూర్చున్న ఆమె మాత్రం కదల్లేదు, తలుపు వైపు కూడా చూడలేదు.

మధ్యాహ్నం 1:20కి పెద్ద మేస్త్రిని జీపెక్కించారు. శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపారు.

* * *

"కేసు అరటిపండు ఒలిచినట్టు అయిపోయింది" అన్నాడు హెడ్డు, మర్నాడు ఉదయం. "మనిషి ఉన్నాడు, మర ఉంది, పగ ఉంది, ఒప్పుకోలు ఉంది. అయినా మీరు పొద్దున్నే ఆ ఇనుము ముందేసుకుని కూర్చున్నారు."

టైము 8:10. స్టేషన్ బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద మర. ఇన్‌స్పెక్టర్ కిరసనాయిలు గుడ్డతో గ్రీజు పూర్తిగా కడిగేసింది.

గోరు పెట్టింది. వాలు వైపు లాగింది. గరగరమంది. ఉలి గీతలు అలాగే ఉన్నాయి.

గోడ వైపు లాగింది. గోరు జారిపోయింది.

మళ్ళీ లాగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పింది. నిటారు వైపు అద్దంలా మెరిసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, ప్రతి పన్నూ.

ఆమె కుర్చీలో కూలబడింది.

"ఏమైంది మేడమ్?"

"ఆయిల్ స్టోన్ పట్టాడు. చేత్తో. ఒక్కో పన్నూ రాయితో రుద్ది నునుపు చేశాడు. దీనికి రెండు రోజులు పడుతుంది. మా నాన్న చేసేవాడు. వేళ్ళు కోసుకుపోతాయి. అందుకే అంతటా చెయ్యరు, బరువు కూర్చునే వైపు మాత్రమే చేస్తారు. ఎందుకంటే అక్కడ గరుకుంటే నట్ తొందరగా అరుగుతుంది."

"అయితే?"

"తమ్ముణ్ణి చంపాలనుకున్నవాడికి గోడ వైపు బరువు పడదని తెలుసు. పడని చోట రెండు రోజులు కూర్చుని వేళ్ళు కోసుకుంటూ ఎందుకు రుద్దుతాడు?"

హెడ్డు మర మీద వేలు పెట్టి లాగి చూశాడు.

"బరువు అటే వస్తుందని నమ్మాడు. పదేళ్ళు అరక్కుండా ఉండాలని రుద్దాడు" అంది ఆమె. "ఎవరో ఆయనకి తప్పు చెప్పారు."

"మాటలే లేవుగా. ఎవరు చెప్తారు?"

"సుద్దముక్క."

ఆమె లేచింది. నిన్న చూసి వదిలేసిన రెండూ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. బల్ల మీద శుభ్రంగా ఉన్న ఆ చోటు. పళ్ళెంలో రజను. ఆఖరి పని గన్‌మెటల్ నట్. అలాంటప్పుడు పచ్చ రజను పైన ఉండాలి, ఉక్కు చుట్టలు అడుగున ఉండాలి. నిన్న ఉక్కు పైకి వచ్చి ఉంది. ఎవరో దాన్ని తవ్వారు.

"జీపు తియ్యి. పెద్దాయన్నీ ఎక్కించు."

* * *

9:05. షెడ్డులో అందరూ నిలబడ్డారు. చిన్న మేస్త్రి భార్య, వెల్డర్, హెడ్డు. పెద్ద మేస్త్రి తల దించుకుని తన లేత్ పక్కన.

ఇన్‌స్పెక్టర్ రజను పళ్ళెంలోకి రెండు చేతులూ పెట్టింది. ఉక్కు చుట్ట ఒకటి వేలు కోసింది. ఆగలేదు. అడుగున గోనెపట్టా తగిలింది. పట్టాలో చుట్టిన ఇనప పలక.

"దాన్ని వదిలెయ్యండమ్మా" అన్నాడు పెద్ద మేస్త్రి.

ఆమె పలకని తెచ్చి బల్ల మీద పెట్టింది. పలకకి ఒక మూల విరిగి ఉంది. బల్ల మీది శుభ్రమైన చోటుకీ అదే మూల విరుపు. సరిగ్గా కూర్చుంది. దాని మీద సుద్ద రాత చెక్కుచెదరకుండా ఉంది. రెండు వరసల అంకెలు. కింద 'రంపం' అని ఒక మాట. పక్కన ఒక బాణం.

"ఒరే, చదువు" అంది వెల్డర్‌తో.

వెల్డర్ ఫిట్టర్ బల్ల వైపు, అంటే చిన్న మేస్త్రి నిలబడే వైపు ఉన్నాడు. మెడ వంచాడు.

"తలకిందులుగా ఉంది మేడమ్."

"ఇటు వచ్చి చదువు."

లేత్ వైపు వచ్చాడు. "ఎనభై లావు. ఆరు వందల పొడవు. రంపం." సాఫీగా చదివేశాడు.

"రాసినవాడు అటు నిలబడ్డాడు. రాత మాత్రం ఇటు తిరిగి ఉంది. ఎందుకు?"

చిన్న మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి చెప్పింది.

"నేర్చుకున్నారండి. మాటలు పోయిన కొత్తలో ఇంట్లో పాత కాగితాలన్నీ ముందేసుకుని తలకిందులుగా రాయడం నేర్చుకున్నారు. ఇదేం పిచ్చి అంటే, అన్నయ్య మెడ తిప్పుకుని చదవక్కర్లేకుండా ఉంటుందే అన్నారు."

పెద్ద మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఆరేళ్ళూ అలాగే రాశారు" అంది ఇన్‌స్పెక్టర్. "ఆరేళ్ళూ చదరపు థ్రెడ్డే చేశారు. దానికి బరువు ఎటైనా ఒకటే. లావు, పొడవు తెలిస్తే చాలు. జాకీకో ప్రెస్సుకో కూడా చెప్పక్కర్లేదు. ఈ నెలలో మొదటిసారి రంపం థ్రెడ్ ఆర్డరు వచ్చింది. మొదటిసారి బరువు ఎటో చెప్పాల్సి వచ్చింది. చిన్న మేస్త్రి బాణం గీశాడు."

ఆమె ఫిట్టర్ వైపు వెళ్ళి నిలబడింది. సుద్దముక్క తీసుకుంది.

"అంకెలు ఆరేళ్ళ అలవాటుతో తలకిందులుగా పడ్డాయి. బాణం అలవాటు లేదు. జాకీలో బరువు కిందికి. కింద అంటే ఎటు? బల్ల ముందు నిలబడ్డవాడికి కింద అంటే తన పొట్ట వైపు." గాలిలో తన వైపుకే ఒక గీత గీసింది. "ఇలా గీశాడు. చేతికి ఎలా వస్తే అలా."

తిరిగి లేత్ వైపు వచ్చింది.

"ఇక్కడి నుంచి చూస్తే అంకెలన్నీ నిటారుగా ఉన్నాయి. బాణం మాత్రం పైకి ఉంది. పైకి బరువంటే ప్రెస్సు. ప్రెస్సులో మర కింద వస్తువుని నొక్కినకొద్దీ అది మరని పైకి తన్నుతుంది. కాబట్టి గోడ పైకి ఉండాలి. పెద్ద మేస్త్రి పలక మీద ఉన్నది ఉన్నట్టు చేశారు. ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా చేశారు. చేసి రాయితో రెండు రోజులు రుద్దారు. చిన్న మేస్త్రి పట్టా విప్పాడు. గ్రీజు తుడిచి ఒక్కసారి పన్ను చూసుంటే తెలిసిపోయేది. చూడలేదు. అన్నయ్య చేతి మర కదా."

వెల్డర్ నేల మీద కూర్చుండిపోయాడు. "దుంగలు కూడా పెట్టలేదు" అన్నాడు తనలో తనే.

"పగిలిన నట్ చూడగానే మీకు అంతా అర్థమైంది" అంది ఇన్‌స్పెక్టర్ పెద్ద మేస్త్రితో. "అందరూ శవం దగ్గర ఉన్నారు. మీరు పలక తీసి దాచారు. తరవాత నేనే చంపానన్నారు. ఈ పలక చూపిస్తే మీరు బయటపడేవారు. ఎందుకు దాచారు?"

ఆయన పలక అంచు మీద చెయ్యి పెట్టాడు.

"ఇరవై రెండేళ్ళు ఫిట్టరుగా చేశాడు వాడు" అన్నాడు. "వాడు బిగించింది ఒక్కటి వెనక్కి రాలేదు. పనివాడికి పేరు తప్ప ఏం మిగులుతుందమ్మా? పోయినవాణ్ణి పట్టుకుని, బాణం తప్పు గీసి తన చావు తనే తెచ్చుకున్నాడని అంటారు. ఆ మాట వాడి మీద పడకూడదనుకున్నా. నా మీదైతే ఏమన్నా పడనీ."

"చెరిపెయ్యచ్చుగా. తడిగుడ్డ పెడితే పోయేది. దాచడం ఎందుకు?"

"వాడి రాత" అన్నాడు.

హెడ్డు కాగితాల అట్టని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకొకటి ఉందమ్మా" అన్నాడు పెద్ద మేస్త్రి. ఈసారి మరదలి వైపు తిరిగాడు. "అది నీకు చెప్పాలి. నాకు అనుమానం వచ్చింది. ప్రెస్సుకి ఇంత పొడుగు మర ఎందుకని. సోమవారం పొద్దున, ఉలి పెట్టకముందు. బల్ల దాకా వెళ్ళాను. వాడు అటు ఉన్నాడు. తలెత్తాడు. బరువు ఎటురా అంటే సరిపోయేది. రెండు మాటలు. నోరు తెరిచాను తల్లీ. మాట రాలేదు. వాడు పని ఆపి చూస్తున్నాడు. అన్నయ్య ఏదో అంటాడని చూస్తున్నాడు. నేను తిరిగి వచ్చేసి మిషన్ ఆన్ చేశాను."

"సుద్దముక్కతోనైనా..." అన్నాడు వెల్డర్.

"రాయలేదు. ఆరేళ్ళలో ఒక్క అక్షరం రాయలేదు. రాయడం అంతా వాడే. నాది పంతం. చేతులు కాలాక ఇప్పుడు ఏ ఆకులు పట్టుకోను?"

చిన్న మేస్త్రి భార్య ఆయన వైపే చూస్తోంది. ఆమె ముఖంలో కోపం ఉందో లేదో ఇన్‌స్పెక్టర్ చెప్పలేకపోయింది. ఏమీ అనకుండా ఆమె ఇంట్లోకి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరగా వేసుకున్న చప్పుడు వినిపించింది.

"మేడమ్, రిపోర్టు?" అడిగాడు హెడ్డు మెల్లగా.

"యాక్సిడెంట్ అని రాయి."

"కారణం దగ్గర?"

ఇన్‌స్పెక్టర్ ఆలోచించింది. ఆ గడిలో పట్టే మాట ఆమెకి తట్టలేదు.

"థ్రెడ్ దిశ తప్పు అని రాయి. ఎవరి పేరూ వద్దు. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను."

* * *

12:10కి ఆస్పత్రి బండి వచ్చింది.

శవాన్ని షెడ్డులోనే దించారు. ఇంట్లోకి వద్దు, పని చేసిన చోటే కాసేపు ఉంచండి అని భార్య కబురు పెట్టింది. రెండు చెక్క బల్లలు కలిపి ఫిట్టర్ వైపు వేశారు. కాటా గుమాస్తా వచ్చాడు. పక్క షెడ్ల పనివాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడ వారన నిలబడ్డారు.

పెద్ద మేస్త్రి లేత్ దగ్గర నుంచి కదిలాడు. ఇనప బల్ల దాకా వచ్చాడు. సోమవారం ఆగిన చోటే ఆగాడు. ఇన్‌స్పెక్టర్ అది గమనించింది.

ఆయన బల్ల దాటాడు. ఆరేళ్ళలో ఆ వైపు అడుగు పెట్టలేదని తరవాత వెల్డర్ చెప్పాడు. తమ్ముడి తల పక్కన నిలబడ్డాడు. ముఖం మీది గుడ్డ సర్దాడు. నోరు తెరిచాడు.

"బరువు ఎటురా?" అన్నాడు.

ఆయన తమ్ముడి ముఖం మీదికి వంగాడు.

"చెప్పరా. అడుగుతున్నాను కదా. బరువు ఎటురా తమ్ముడూ?"

మూడోసారి అడుగుతూ బల్ల కోడు పట్టుకుని కిందికి జారిపోయాడు. అప్పుడు ఏడ్చాడు. ఆరేళ్ళ మాటలన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి. లేత్ బాగుందిరా అన్నాడు. భుజం నొప్పి తగ్గిందిరా అన్నాడు. నీ రాత బాగుంటుందిరా అన్నాడు. గోడ వారన నిలబడ్డ పనివాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు.

ఇంటి తలుపు తెరుచుకుంది. చిన్న మేస్త్రి భార్య వచ్చింది. చేతిలో నీళ్ళ చెంబు ఉంది. ఆమె నేరుగా బావగారి దగ్గరికి వెళ్ళింది. పక్కన కూర్చుంది. చెంబు ఆయన చేతిలో పెట్టబోయింది. ఆ చేతులు పట్టుకునే స్థితిలో లేవు. వేళ్ళ కొసలన్నీ రాయి కోతలు. తనే చెంబు ఎత్తి ఆయన నోటికి అందించింది.

"తాగండి బావగారూ" అంది. "నిన్నటి నుంచి మీరేమీ తినలేదు. ఆయన్ని పంపించి వచ్చాక అన్నం పెడతాను."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకుంది. బయటికి వచ్చి జీపు పక్కన నిలబడింది. హెడ్డు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కలేదు. వాళ్ళు శవాన్ని ఎత్తేదాకా అక్కడే ఉంది.